క్యాన్సర్ మనిషికి కాళ్లు పట్టు తప్పితే: ఆ ఒక్కరోజులో కరెంటు (రేడియేషన్) దాకా ఎలా చేర్చాలి

మా నల్గొండ వైపు నడుము నొప్పి అంటే ఎవరూ ఉలిక్కిపడరు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నడుములను చూస్తూనే పెరిగాం. పాలమూరు వైపు పోతే మట్టిపనికి వలసపోయి అరిగిపోయిన నడుములు. అందుకే మా పెద్దమ్మ వీపు మధ్యలో నొప్పి అన్నప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నీళ్ల నొప్పులే, ఏం కాదు." రెండేళ్ల కిందటే ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిందని మాకు తెలియక కాదు. ఆ క్యాన్సర్‌కూ ఈ నొప్పికీ ముడి ఉండొచ్చని తోచలేదు, అంతే.

మూడు రోజులు బామ్ రాశాం. రెండు రోజులు ఆర్ఎంపీ డాక్టర్ సూదులు. తర్వాత టౌన్‌లో ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు అరిగాయని చెప్పి నడుముకు బెల్టు ఇచ్చారు. ఎనిమిదో రోజు పొద్దున పెద్దమ్మ పెరట్లో నుంచి గోడ పట్టుకుంటూ వచ్చి మంచంలో కూర్చుంది. కుడికాలికి చెప్పు లేదు. నాలుగడుగుల వెనక బురదలో పడి ఉంది. "చెప్పు ఏదీ పెద్దమ్మా?" అంటే, "కాలికే ఉంది గద బిడ్డా" అన్నది. కాలి వైపు చూసుకున్నాకే ఆమెకు తెలిసింది.

అది శుక్రవారం. మేం ఫోన్ చేసిన చోట సోమవారం ఓపీకి తీసుకురమ్మన్నారు. మేమూ సరే అనుకున్నాం. ఆదివారానికి మూత్రం ఆగిపోయింది, సోమవారానికి రెండు కాళ్లూ పడిపోయాయి. ఆ తర్వాత కరెంటు పెట్టారు. నొప్పి తగ్గింది. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ చెప్పు జారిన పొద్దుటే బయల్దేరి ఉంటే ఎలా ఉండేదో అని నేను అనుకోని రోజు లేదు. మీ ఇంట్లో అలా కాకూడదని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు ఏం జరుగుతుందో తెలుసుకోండి. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకలకు పాకే గుణం ఉన్నవి. మైలోమా అనే రక్త క్యాన్సర్ అయితే ఎముక మజ్జలోనే పుడుతుంది. వెన్నుపూసలోకి చేరిన గడ్డ పెరిగి, పక్కనే ఉన్న వెన్నుపామును నొక్కుతుంది. నొక్కినచోట వాపు వస్తుంది, నరాలకు రక్తం అందదు. ఆ స్థితిలో కొన్ని గంటలు గడిచే కొద్దీ నరాలు చచ్చుబడతాయి. గడ్డను కరిగించి ఒత్తిడి తీసే పనే రేడియేషన్‌ది. నొక్కుడు ఉందని స్కాన్‌లో తేలాక 24 గంటల్లోపు వైద్యం మొదలు కావాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. ఇందులో ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి: కరెంటు పెట్టే రోజుకు మనిషి నడుస్తున్నాడా లేదా అన్నదే తర్వాతి బతుకును తేలుస్తుంది. నడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయి రెండు రోజులు దాటాక వచ్చినవాళ్లలో మళ్లీ లేచి నడిచేది చాలా కొద్దిమందే.

మొదటి పని: ఇంట్లో అంతా బాగున్నప్పుడే చేసేది

క్యాన్సర్ వైద్యం అయిన, లేదా అవుతున్న మనిషి ఇంట్లో ఉంటే ఈ పని ఇవాళే చేయండి. బయాప్సీ (గడ్డ ముక్క పరీక్ష) రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, చివరి స్కాన్, ఇంతకుముందు కరెంటు పెట్టి ఉంటే ఆ కాగితం, ఆరోగ్యశ్రీ కార్డు లేదా రేషన్ కార్డు, ఆధార్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. ప్రతి కాగితాన్నీ ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. పాత రేడియేషన్ కాగితం పోగొట్టుకోవద్దు. ఎక్కడ, ఎంత డోసు పెట్టారో తెలియకపోతే అదే చోట మళ్లీ పెట్టడానికి డాక్టర్ ఆలోచించాల్సి వస్తుంది, అక్కడ టైం పోతుంది.

తర్వాతిసారి చెకప్‌కు పోయినప్పుడు డాక్టర్‌ని అడగండి: "సార్, ఈ జబ్బు ఎముకలకు పాకే రకమా? రాత్రిపూట కాళ్లు పట్టు తప్పితే మేం ఏ నంబరుకు చేయాలి, ఏ గేటు నుంచి రావాలి?" అడగడానికి మొహమాటపడొద్దు. ఆ నంబరు ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి.

రెండో పని: ఏ నొప్పో గుర్తుపట్టడం

ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుంటుంది. మెడ తిరగదు, మోకాళ్లు మడత పడవు, పోయినేడాదికీ ఈయేటికీ తేడా తెలుస్తుంది. పొలం పని నొప్పి పడుకుంటే సర్దుకుంటుంది. క్యాన్సర్ వెన్నుకు పాకిన నొప్పి తీరు వేరు. పడుకుంటే ఎక్కువవుతుంది, అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. దగ్గినా, తుమ్మినా, దొడ్డికి ముక్కినా వీపులో పొడుస్తుంది. కొందరికి ఛాతీ చుట్టూనో పొట్ట చుట్టూనో తాడు బిగించి కట్టినట్టుంటుంది. వారం వారం కాదు, రోజు రోజుకూ పెరుగుతుంది. క్యాన్సర్ మనిషికి ఇలాంటి నొప్పి వస్తే, కాళ్లు బాగానే ఉన్నా సరే, వారంలోపు ఎంఆర్ఐ జరగాలి.

ఇక కాళ్ల సంగతి. చేతులు ఆనించకుండా పీట మీద నుంచి లేవమనండి. మడమల మీద నాలుగడుగులు వేయించండి, పక్కనే ఉండి పట్టుకోండి. చల్లటి తడిగుడ్డ తొడ మీద, పాదం మీద, పొట్ట మీద ఆనించి అన్నిచోట్లా ఒకేలా చల్లగా ఉందా అని అడగండి. గడప దగ్గర తడబడుతున్నారా, చెప్పు జారినా తెలియడం లేదా, మూత్రం వస్తున్నట్టుండి రావడం లేదా, కూర్చునే చోట తిమ్మిరిగా ఉందా చూడండి. ఆడవాళ్లు ఈ చివరి రెండు సంగతులు అడిగితేగానీ చెప్పరు. కూతురో కోడలో పక్కకు తీసుకెళ్లి అడగాలి.

వీటిలో ఒక్కటి కొత్తగా కనిపించినా అది ఎమర్జెన్సీ. రేపు చూద్దాం అనే మాటే వద్దు. ఫ్లోరైడ్ ముదిరినా వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లు బలహీనపడొచ్చు. కాబట్టి కారణం ఏదైనా కాళ్లలో బలం తగ్గితే ఎంఆర్ఐ తప్పదు. నీళ్ల నొప్పులే అని సర్దిచెప్పుకోవడంలో మిగిలేదేమీ లేదు. ఎక్స్‌రే బాగుందని కూడా ధైర్యపడొద్దు. గడ్డ ఎముకను చాలా భాగం తినేస్తే తప్ప ఎక్స్‌రేలో కనపడదు.

మూడో పని: టైం రాసి, ఫోన్ చేయడం

కాళ్లు ఎప్పటినుంచి తేడాగా ఉన్నాయో రోజు, గంటతో సహా ఫైలు మీద రాయండి. "నాలుగైదు రోజులనుంచి" అని చెబితే వినేవాళ్లకు తొందర తెలియదు. "నిన్న సాయంత్రం 6 గంటలకు నడిచింది, ఇవాళ పొద్దున లేవలేకపోయింది" అంటే డాక్టర్ కుర్చీలోంచి లేస్తాడు. ఫోన్లో చెప్పాల్సింది ఇంతే:

"సార్, మా అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్ల కింద రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం అయింది. వారంనుంచి వీపు నొప్పి, నిన్న సాయంత్రం నుంచి కాళ్లలో బలం లేదు. వెన్నుపాము నొక్కుకుందేమో అని భయంగా ఉంది. ఇవాళే ఎంఆర్ఐ తీసి, కరెంటు పెట్టే డాక్టర్ చూసే వీలుందా? మీ దగ్గర మెషీన్ ఇవాళ నడుస్తోందా?"

ఆ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. మెషీన్ రిపేరులో ఉన్నచోటికి వంద కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగిన వాళ్లున్నారు. ఎమర్జెన్సీ అంటే ఓపీకి రమ్మని ఎవరైనా చెబితే, "డ్యూటీలో ఉన్న రేడియేషన్ డాక్టర్‌తో ఒక్క నిమిషం మాట్లాడించండి" అని గట్టిగా, మర్యాదగా అడగండి. మేం అలా అడగలేదు.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉన్నాయి. ఈ మూడింటిలోనూ రేడియేషన్ విభాగాలున్నాయి. ఇంతకుముందు వైద్యం అయిన ఆసుపత్రికే పోవడం మేలు, పాత రికార్డు అక్కడే ఉంటుంది. అక్కడ ఆలస్యం అవుతుందంటే ఇంకోచోటికి పోవడానికి వెనకాడొద్దు.

శుక్రవారం సాయంత్రం, దసరా, సంక్రాంతి. ఈ మూడూ నాకు భయం. కరెంటు విభాగానికి సెలవు ఉండొచ్చు, క్యాజువాలిటీకి ఉండదు. సెలవురోజైనా అక్కడికి చేరితే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మొదలవుతుంది, స్కాన్ అవుతుంది, డ్యూటీ డాక్టర్ పై డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. బతుకమ్మ అయ్యాక పోదాం, సోమవారం పొద్దున పోదాం అని ఇంట్లో కూర్చోవద్దు.

నాలుగో పని: పట్నం (హైదరాబాద్) చేర్చడం

బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. ఆటో కూడా వద్దు. వెన్నుపూస లోపల గుల్లబారి ఉంటే ఒక్క గుంతలో కుదుపుకు విరిగిపోవచ్చు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి తీసుకుపోవాలి. మంచం మీంచి దించేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లాగకండి. ముగ్గురు నలుగురు కలిసి తల, వీపు, నడుము, కాళ్లు ఒక్కటిగా, దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పి, కింద చెక్క పలకో గట్టి దుప్పటో జరిపి లేపండి.

108కు ఫోన్ చేస్తే సాధారణంగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతారు. దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ఎక్కడైనా సరే, అక్కడి డాక్టర్‌తో రెండు పనులు చేయించుకోండి: వెన్నుపాము నొక్కుడు అనుమానం అని రిఫరల్ చీటీలో స్పష్టంగా రాయించడం, పెద్దాసుపత్రి డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడించి మొదటి స్టెరాయిడ్ డోసు అక్కడే ఇప్పించడం. డెక్సామెథసోన్ అనే ఆ మందు వెన్నుపాము చుట్టూ వాపును తగ్గించి, కరెంటు పెట్టేదాకా కాస్త సమయం సంపాదించిపెడుతుంది. షాపులో కొని మీరే వేయకండి. షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడతాయి, కొన్ని రకాల రక్త సంబంధ క్యాన్సర్లలో బయాప్సీ తీయకముందే వేస్తే జబ్బు ఏదో తేలకుండా పోతుంది.

నల్గొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ పట్నం సుమారు వంద కిలోమీటర్లు. గద్వాల, నారాయణపేట వాళ్లకు ఇంకా దూరం. ఎంఆర్ఐ ఊళ్లోనే తీయిద్దామా, పట్నంలోనా అని తర్జనభర్జన పడేవాళ్లకు నా మాట: టౌన్‌లో స్కానింగ్ సెంటర్‌వాళ్లు గంటలో తీసి రిపోర్టు చేతికిస్తామంటేనే అక్కడ ఆగండి. రేపొచ్చి తీసుకొమ్మంటే నేరుగా బయల్దేరండి. ఎక్కడ తీయించినా వెన్ను మొత్తం తీయమని చెప్పండి. నొప్పి ఉన్న ముక్క ఒక్కటే తీస్తే సరిపోదు, నొక్కుడు ఇంకోచోట ఉండొచ్చు, రెండు మూడు చోట్ల కూడా ఉండొచ్చు.

ఐదో పని: క్యాజువాలిటీలో

మొదట చెప్పాల్సిన మాట "క్యాన్సర్ పేషెంట్, కాళ్లు పడిపోతున్నాయి." నడుము నొప్పి అని మొదలుపెడితే వరుసలో వెనక నిలబడాల్సి వస్తుంది. రాసిపెట్టుకున్న టైం చూపించండి. మూత్రం ఎప్పుడు పోశారో చెప్పండి. మూత్రాశయం నిండి ఉంటే గొట్టం వేస్తారు. ఒకరు మనిషి దగ్గరుండాలి, ఇంకొకరు కాగితాలతో తిరగాలి, అందుకే కనీసం ఇద్దరు వెళ్లండి.

అందరికీ కరెంటే మొదటి దారి కాదు. వెన్నుపూస విరిగి కదిలిపోతుంటే, జబ్బు ఒక్కచోటే ఉండి మనిషికి సత్తువ ఉంటే, క్యాన్సర్ రకం ఇంకా తేలకపోతే ముందు ఆపరేషన్ చేసి తర్వాత కరెంటు పెడతామంటారు. న్యూరోసర్జన్ చూశారా అని అడగడం మీ హక్కు. కొందరికి క్యాన్సర్ ఉందని మొట్టమొదట తెలిసేదే ఇలా, కాళ్లు పడిపోయినప్పుడు. వాళ్లకు గడ్డ ముక్క తీసి పరీక్ష చేయడం కూడా ఆ హడావుడిలోనే జరగాలి.

డబ్బు గురించి టెన్షన్ పడి ఆగిపోకండి. ఆరోగ్యశ్రీలో రేడియేషన్ ఉంది, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి పోయి ఎమర్జెన్సీ కేసని చెప్పండి. అలాంటి కేసులకు ఫోన్ మీదే ముందస్తు అనుమతి తీసుకునే పద్ధతి ఉంది, కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. ఇబ్బంది వస్తే 104కు చేయండి.

ఆరో పని: కరెంటు గదిలో

మా పెద్దమ్మ కరెంటు అనే మాటకే వణికింది. "తీగలు పెడతారా బిడ్డా, ఒళ్లు కాల్తదా?" అని దారిపొడవునా అడిగింది. తీగలూ ఉండవు, షాకూ ఉండదు. బల్ల మీద పడుకోబెట్టి చర్మం మీద గీతలు గీస్తారు, స్కాన్ తీసి ఎక్కడ పెట్టాలో లెక్క వేస్తారు. తర్వాత పెద్ద మెషీన్ కింద కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఎక్స్‌రే తీసినప్పుడు ఎలా ఏమీ తెలియదో అలాగే ఏమీ తెలియదు. బయటికొచ్చిన మనిషి ఒంట్లో కిరణాలేవీ మిగిలి ఉండవు, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఈ సంగతి ఇంటి పక్కవాళ్లకు కూడా చెప్పండి. చర్మం మీది గీతలు మాత్రం చెరిపేయకండి.

కదలకుండా పడుకోవాలంటే నొప్పి అదుపులో ఉండాలి. నొప్పికి ముందుగా మందివ్వమని అడగండి, మార్ఫిన్ ఇచ్చినా భయపడొద్దు.

దూరం నుంచి వచ్చేవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "సార్, ఎన్నిసార్లు పెడతారు?" మనిషి పరిస్థితిని బట్టి 10 రోజుల్లో 30 గ్రే (గ్రే అంటే కరెంటు డోసు కొలత), 5 రోజుల్లో 20 గ్రే, లేదంటే ఒక్కసారే 8 గ్రే పెడతారు. ఒంట్లో జబ్బు బాగా పాకి, సత్తువ తగ్గినవాళ్లకు ఒక్క డోసు సరిపోతుందని డాక్టర్ అనుకుంటే, గద్వాల నుంచి పది రోజులు తిరిగే బాధ తప్పుతుంది. ఎక్కువ జీవితం ముందున్నవాళ్లకు ఎక్కువ రోజులవి ఎంచుకోవచ్చు. నిర్ణయం డాక్టర్‌దే, కానీ మీ ఊరి దూరం, ఇంటి పరిస్థితి ఆయనకు తెలియాలి. రోజూ తిరగాల్సి వస్తే ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లో, పాలమూరు నుంచి వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే మధ్యలో మారకుండా లక్డీకాపూల్ చేరతారు. అక్కడికి రెడ్‌హిల్స్ దగ్గరే. ఇది నడవగలిగిన వాళ్లకు, సహాయంగా వచ్చేవాళ్లకు చెబుతున్నాను.

వెన్ను ఒక్కటే కాదు

ఇంకో మూడు సందర్భాల్లోనూ ఇలాగే పరుగెత్తాలి. ముఖం, మెడ ఉబ్బి, ఛాతీ మీద నరాలు తేలి, పడుకుంటే ఊపిరాడకపోతే ఛాతీలో గడ్డ పెద్ద రక్తనాళాన్ని నొక్కుతోందని అనుమానించాలి. అలాంటి మనిషిని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకుపోండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న ఆడమనిషికి రక్తం ధారగా పోతుంటే ముందు దగ్గర్లోని ఆసుపత్రికే పోవాలి. అక్కడి డాక్టర్లు లోపల గుడ్డ కుక్కి రక్తం ఆపి, అవసరమైతే రక్తం ఎక్కించాకే పట్నం. అక్కడ కరెంటు పెడితే గడ్డ నుంచి రక్తం కారడం తగ్గుతుంది. మూడోది, పొద్దున్నే తలనొప్పి, వాంతి, ఫిట్స్ లేదా ఒక పక్క చెయ్యి పడిపోవడం: మెదడు సంగతి. దీన్ని గాలి సోకిందని దర్గాకో గుడికో తీసుకుపోయి రెండు రోజులు పోగొట్టడం నేను కళ్లారా చూశాను. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.

మామూలుగా సాగే కోర్సులో ఉన్నవాళ్లకూ ఒక మాట. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి కరెంటు, లోపలి కరెంటు (గడ్డ దగ్గరే లోపల నుంచి పెట్టేది) రెండూ కలిపి 8 వారాల్లో పూర్తి కావాలి. నాట్లున్నాయనో, పెళ్లుందనో మధ్యలో వారం మానేస్తే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. నోరు, గొంతు క్యాన్సర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటికొచ్చాక

మొదటి రెండు మూడు రోజులు నొప్పి కాస్త ఎక్కువ కావొచ్చు, కరెంటు వికటించిందని కంగారుపడొద్దు. తగ్గడానికి వారం నుంచి నాలుగు వారాలు పడుతుంది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ రాసిచ్చిన ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఏ రోజు ఎన్ని మాత్రలో క్యాలెండర్‌లో గీసుకోండి. షుగర్ చూపించుకుంటూ ఉండండి. కాళ్లు బలహీనంగా ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, పిర్రల మీద, మడమల మీద ఎర్రబడిందేమో రోజూ చూడండి. ఆ పుండ్లు ఒకసారి పడితే మానడం కష్టం. ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి రోజే అడగండి. నొప్పి మందులకు, పుండ్లకు, మూత్రం గొట్టం మార్చడానికి ప్రతిసారీ పట్నం పోనక్కర్లేదు, మీ జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) గురించి అడగండి.

మా ఊళ్లోనే నాకు బాబాయి వరుసయ్యే ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. పెద్దమ్మ సంగతి జరిగిన ఏడాదికి, ఒక రాత్రి ఆయన భార్య ఫోన్ చేసి, "మీ బాబాయి మెట్లు దిగుతుంటే కాళ్లు వణుకుతున్నయి, లుంగీ తడిసినా తెలుస్తలేదు" అన్నది. తెల్లారేవరకు ఆగలేదు. రాత్రికి రాత్రే పడుకోబెట్టి తీసుకుపోయాం, మర్నాడు సాయంత్రానికి మొదటి డోసు పడింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని చెరువుకట్ట దాకా పోయొస్తున్నాడు. ఈమధ్య భుజాల మధ్య కొత్తగా నొప్పి అంటే, పాత ఫైలు తీసి మళ్లీ ఎంఆర్ఐకి రాయించుకొచ్చాం. ఒకచోట తగ్గాక ఇంకోచోట వచ్చే జబ్బు ఇది. రెండోసారి నొప్పి వచ్చినా మొదటిసారి చేసినట్టే, మొదటి గంట నుంచీ లెక్కపెట్టుకోవాలి.